ముందు ప్రశ్న చదవండి: గుండె జబ్బులో రక్తపరీక్షల సంగతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు గుండె డాక్టరువి కదా, ఇరవై నిమిషాలు ఏదైనా చెప్పు. మరీ భయపెట్టకు" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చాను. పొద్దున టిఫిన్ల దగ్గర నిలబడ్డానో లేదో, ఒకరి తర్వాత ఒకరు సెల్‌ఫోన్ తీసి రిపోర్టులు చూపించడం మొదలుపెట్టారు. "ఒరేయ్, దీని పక్కన స్టార్ గుర్తు పడింది, ఏమైనా ప్రమాదమా?" అని ఒకడు. "అన్నీ నార్మలే కదండీ డాక్టరుగారూ, ఇక నాకు గుండెపోటు రానట్టేనా?" అని ఒక సోదరి. దాంతో నా విషయం తేలిపోయింది. రక్తపరీక్ష గుండె గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నదే ఈ ఇరవై నిమిషాలూ మాట్లాడతాను.

మన లెక్కల మాస్టారు మీ అందరికీ గుర్తుండే ఉంటారు. జవాబు సరిగ్గా వచ్చినా, "ఇది ఏ ప్రశ్నకు జవాబురా?" అని అడిగేవారు. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు ఒకటే మాట: "ముందు ప్రశ్న రెండుసార్లు చదవండి." ఆయన గురించి ఈ సభలో ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకు మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1994లో నేను ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. పదకొండు గంటలప్పుడు మాస్టారిని వాళ్ళబ్బాయి స్కూటరు మీద తీసుకొచ్చాడు. దవడ కింద లాగుతున్నట్టుందని, చెమట పట్టిందని చెప్పారు. ఛాతీలో నొప్పి లేదు. ఈసీజీ తీశాను. అందులో నాకు తేడా ఏమీ కనిపించలేదు. రక్తం తీసినా ఆ రోజుల్లో మా దగ్గర చేసేవి సీపీకే, ఎస్‌జీవోటీ పరీక్షలు. రిపోర్టు మర్నాటికి గాని రాదు. "ఈసీజీ బాగానే ఉంది మాస్టారూ, గ్యాస్ అయ్యుంటుంది" అని ఒక మాత్ర ఇచ్చి పంపించేశాను. ఆయన నా భుజం తట్టి, "మనవాడు డాక్టరయ్యాడు" అని వాళ్ళబ్బాయితో చెప్పుకుంటూ వెళ్ళారు. రెండోనాడు ఆయాసంతో మళ్ళీ తీసుకొచ్చారు. అప్పటికే గుండె కండరం చాలా భాగం దెబ్బతిన్నది. ఆ తర్వాత ఏడేళ్ళు బతికారు గాని, మన స్కూలు మేడ మెట్లు మళ్ళీ ఎక్కలేకపోయారు. కింద గదిలోనే క్లాసు పెట్టించుకున్నారని మీకు గుర్తుండొచ్చు. ఎందుకో మీకు తెలియదు. నాకు తెలుసు.

ఒక ఈసీజీ చూసి నేను జవాబు చెప్పేశాను. గంట తర్వాత ఇంకొకటి తీయాలి. రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ప్రశ్న రెండోసారి చదవలేదు. ఇప్పుడు మీకు చెప్పబోయేదంతా ఆ తప్పు నుంచి నేను నేర్చుకున్నదే.

గుండెపోటు అంటే గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోయి, ఆ నాళం మీద ఆధారపడ్డ కండరం చనిపోవడం. కండరకణం చనిపోతే దాని గోడ పగిలి, లోపలి పదార్థాలు రక్తంలోకి వస్తాయి. ఆ పదార్థాన్ని రక్తంలో పట్టుకుంటే గుండెకు దెబ్బ తగిలిందని తెలుస్తుంది. ఆలోచన ఇంత సులువైనదే. ఏ పదార్థాన్ని పట్టుకోవాలన్నది తేలడానికే దశాబ్దాలు పట్టింది.

మొదట 1954లో న్యూయార్కులో కార్మెన్, రబ్లెవ్‌స్కీ, లాడ్యూ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో ఎస్‌జీవోటీ పెరుగుతుందని చూపించారు. ఇప్పుడు మీ లివర్ రిపోర్టులో కనిపించే ఎస్‌జీవోటీ అదే. కాలేయంలోనూ, ఒంట్లోని మామూలు కండరాల్లోనూ కూడా ఉంటుంది కాబట్టి గుండెకే ప్రత్యేకమని చెప్పడానికి లేదు. ఆ తర్వాత సీపీకే వచ్చింది, దానిలో గుండెలో ఎక్కువగా ఉండే ఎంబీ రకం వచ్చింది.

సీపీకే దగ్గర మన తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. ఈ ఎంజైము పని చేసేది ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం మీద. కండరానికి అప్పటికప్పుడు శక్తి అందించే నిల్వ అది. దాన్ని 1927లో హార్వర్డులో కనిపెట్టినవారు సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ విడిగా కనుక్కున్నారు. సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని పాసు కాలేదు. ఇక్కడున్న విద్యార్థులు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆయన 1948లో అమెరికాలో 53 ఏళ్ళకే గుండె ఆగి పోయారు. గుండె దెబ్బతిన్నదని రక్తంలో చూసి చెప్పే మొదటి పరీక్ష అప్పటికి ఇంకా ఆరేళ్ళ దూరంలో ఉంది.

ఇప్పుడు మేము వాడేది ట్రోపోనిన్. కండరం ముడుచుకోవడానికి, వదులవడానికి తోడ్పడే ప్రోటీను ఇది. గుండెలో ఉండే ట్రోపోనిన్ ఐ, ట్రోపోనిన్ టి రకాలు ఒంట్లోని మిగతా కండరాల్లో ఉండే రకాలకంటే వేరు. అందుకని దాన్ని విడిగా గుర్తుపట్టవచ్చు. 1989లో జర్మనీలోని హైడెల్‌బర్గులో హ్యూగో కాటస్ బృందం ట్రోపోనిన్ టి పరీక్షను తెచ్చింది. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ చుట్టూ తిరగరాశాయి. ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్షల్లో లెక్క నానోగ్రాముల్లో ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. ట్రోపోనిన్ టి అయితే లీటరు రక్తంలో 14 నానోగ్రాములు దాటితే మామూలు హద్దు దాటినట్టు. ట్రోపోనిన్ ఐకి ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో హద్దు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరు హద్దులు. అందుకే ఒక ల్యాబులో వచ్చిన అంకెను ఇంకో ల్యాబు అంకెతో పోల్చకండి.

ఇంత సున్నితమైన పరీక్షకూ ఒక పరిమితి ఉంది. నాళం మూసుకున్న క్షణంలో ట్రోపోనిన్ బయటికి రాదు. పాత రకం పరీక్షల్లో కనిపించడానికి మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. కొత్తవాటిలో ఇంకా ముందే కనిపిస్తుంది గాని, నొప్పి మొదలైన అరగంటకో గంటకో తీసిన రక్తంలో ఏమీ లేకపోతే నిశ్చింత పడడానికి లేదు. అందుకే రెండుసార్లు చూస్తాం. హై సెన్సిటివిటీ పరీక్ష అయితే గంటకో, రెండు గంటలకో, మూడు గంటలకో మళ్ళీ. పాత రకం అయితే ఆరు గంటలకు. రెండు అంకెల మధ్య తేడా ఎంత, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూస్తాం.

పోయిన ఏడాది ఒక రాత్రి మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. ఇప్పుడు రెండో వరసలోనే ఉన్నాడు, వాడి అనుమతితోనే చెబుతున్నాను. "ఒరేయ్, ఛాతీ పట్టేసినట్టయింది. దగ్గర్లో ఆసుపత్రికి వెళ్ళాను. ఈసీజీ నార్మల్, ట్రోపోనిన్ నెగెటివ్. ఇంటికొచ్చేశాను. నీకు ఒక మాట చెబుదామని" అన్నాడు. నేను రెండే అడిగాను. నొప్పి ఎన్నింటికి మొదలైంది? రక్తం ఎన్నింటికి తీశారు? తొమ్మిదింటికి నొప్పి, తొమ్మిదీముప్పావుకి రక్తం. "నువ్వు కారు నడపకు, 108కి ఫోన్ చెయ్యి, మళ్ళీ వెళ్ళు, రెండోసారి చూడమను" అన్నాను. "పొద్దున వెళ్తాలేరా" అన్నాడు. వాడి భార్యకు ఫోన్ ఇమ్మని ఆవిడతో చెప్పాను. పన్నెండున్నరకు తీసిన రక్తంలో ట్రోపోనిన్ మొదటిదానికి ఎన్నో రెట్లు ఉంది. తెల్లారేలోపు స్టెంటు వేశారు. గుండె కండరం దాదాపు మొత్తం దక్కింది. ఇందాక వాడు మేడ మెట్లెక్కి మన పాత తొమ్మిదో తరగతి గది చూసి వచ్చాడు. నేను కింద నుంచి చూస్తూ నిలబడ్డాను.

ఈ రెండు ప్రశ్నలూ మీరూ గుర్తుపెట్టుకోండి. నొప్పి ఎప్పుడు, రక్తం ఎప్పుడు. ఇంటికి పంపిస్తున్న డాక్టరును మర్యాదగా అడగండి: "రెండోసారి చూడాల్సిన అవసరం ఉందాండీ?" ఎవరూ తప్పు పట్టుకోరు.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. ఈసీజీలోనే పెద్ద గుండెపోటు స్పష్టంగా కనిపిస్తుంటే ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. అలాంటప్పుడు ప్రతి నిమిషానికీ కండరం పోతుంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షనో, యాంజియోప్లాస్టీయో ముందు జరగాలి. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది అందుకే. రక్తపరీక్ష ఈసీజీకి తోడే గాని దానికి బదులు కాదు.

ట్రోపోనిన్ పెరిగితే అది గుండెపోటే అవ్వాలనీ లేదు. "గుండె కండరానికి దెబ్బ తగిలిందా?" అన్న ప్రశ్నకే అది జవాబు. "ఎందుకు తగిలింది?" అన్నది వేరే ప్రశ్న. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చినా, గుండె కండరం వాచినా, గుండె మరీ వేగంగా కొట్టుకున్నా పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉండవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో ఎంతమంది కిడ్నీలు పాడై బాధపడుతున్నారో మీకు తెలుసు. అలాంటివారిలో ఒక్క అంకె చూసి గుండెపోటు అంటే పొరపాటు, కిడ్నీ వల్లేలే అని కొట్టిపారేస్తే ఇంకా పెద్ద పొరపాటు. అక్కడా రెండో అంకె చూడాల్సిందే.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు ఈ హాల్లో కొందరుంటారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల ట్రోపోనిన్ పరీక్షలను తప్పుదోవ పట్టించి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు జుట్టు మాత్ర కూడా చెప్పండి.

ఇక రెండో ప్రశ్న. గుండె అలిసిపోతోందా? ఆయాసంతో వచ్చినవాళ్ళకు అది ఊపిరితిత్తుల వల్లా, గుండె వల్లా అని తేల్చడం ఒక్కోసారి కష్టం. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఎలుక గుండె పైగదుల కండరం నుంచి తీసిన రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కిస్తే మూత్రం ధారాళంగా వచ్చింది. అంటే గుండె కూడా ఒక హార్మోను తయారుచేస్తోందన్నమాట. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో ఇలాంటిదే ఇంకోటి కనుక్కుని బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్ అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లో. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మీ రిపోర్టులో బీఎన్‌పీ అనో, ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ అనో కనిపించేవి ఈ కుటుంబంవే. గుండె గదుల గోడలు సాగి ఒత్తిడి పెరిగితే ఇవి రక్తంలో పెరుగుతాయి.

2002లో ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన 1,586 మంది మీద జరిగిన అధ్యయనం దీనికి మంచి పేరు తెచ్చింది. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినవారిలో బీఎన్‌పీ 100 లోపు, లేదా ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ 300 లోపు ఉంటే, గుండె వైఫల్యం అయ్యే అవకాశం చాలా తక్కువ. ఎక్కువగా ఉంటే వయసు కూడా చూడాలి. ఎన్‌టీ ప్రో బీఎన్‌పీకి 50 ఏళ్ళ లోపు 450, 50 నుంచి 75 వరకు 900, ఆ పైన 1,800 దాటితే గుండె మీద అనుమానం బలపడుతుంది. కిడ్నీ జబ్బులో, గుండె లయ తప్పినవాళ్ళలో ఇది ఎక్కువగా ఉంటుంది. లావుగా ఉన్నవాళ్ళలో తక్కువగా చూపించి మోసం చేస్తుంది. ఎకో పరీక్షతో కలిపి చూస్తేనే దీనికి అర్థం.

మాస్టారికి ఆ ఏడేళ్ళలో ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఆస్తమా అని ఒకసారి, వయసని ఒకసారి ఇన్‌హేలరు ఇచ్చారు. ఆయనకు ఈ పరీక్ష అందలేదు. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల అందుతోంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందని, మూడు దిండ్లు కావాలని, కాళ్ళు వాస్తున్నాయని అంటే వయసు మీద తోసేయకండి.

గుండె బలహీనపడి మందులు వాడుతున్నవాళ్ళకు పరీక్షలు వేరే రకంగా పనికొస్తాయి. మందు పని చేస్తోందా, హాని చేస్తోందా అన్నది అక్కడ ప్రశ్న. స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు పొటాషియం పెంచుతాయి. కాబట్టి పొటాషియం, క్రియాటినిన్ చెప్పిన గడువుకు చూపించుకోవాలి. వాళ్ళు డాక్టరును అడక్కుండా లో సోడియం ఉప్పు వాడకూడదు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. సాక్యుబిట్రిల్ కలిసిన మందు వాడేవాళ్ళలో బీఎన్‌పీ అంకె ఆ మందు వల్లే పెరగవచ్చు. వాళ్ళకు ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ చూడడం నయం. లోహపు కవాటం వేయించుకుని రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు ఐఎన్‌ఆర్ మానకూడదు. ఆకుకూరలు మానక్కర్లేదు, ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా కాకుండా ఒకే తీరుగా తినాలి.

మూడో ప్రశ్న ఇక్కడున్న అందరిదీ. నాకు రాబోయే ముప్పు ఎంత? దీనికి ట్రోపోనిన్, బీఎన్‌పీ అక్కర్లేదు. పాత పరీక్షలే చాలు. ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ ముఖ్యం. "నార్మల్ రేంజిలోనే ఉంది కదా" అంటారు. ఎవరికి నార్మల్? 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెప్పిన ప్రకారం ముప్పు తక్కువ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువ ఉన్నవారికి 70 లోపు, గుండెపోటు వచ్చినవారికి 55 లోపు ఉండాలి. కాబట్టి 90 అన్న అంకె నాకు మంచిదైతే, స్టెంటు వేయించుకున్న నా మిత్రుడికి ఎక్కువే. రిపోర్టులో స్టార్ గుర్తు వేసే యంత్రానికి మీకు స్టెంటు ఉందని తెలియదు. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివాటి ముప్పు సుమారు అయిదో వంతు తగ్గుతుంది. స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాక నాలుగు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి చూడాలి. అంకె తగ్గిందని మాత్ర మానేస్తారు చాలామంది. తగ్గింది మాత్ర వల్లే, మానితే మళ్ళీ వస్తుంది.

ఇంకోటి లైపోప్రోటీన్ ‘ఎ’. 1963లో నార్వేలో కోరె బెర్గ్ కనుక్కున్నారు. ఇది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వచ్చేదే, తిండితో పెద్దగా మారదు. జీవితంలో ఒకసారి చూపించుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతావన్నీ, అంటే బీపీ, షుగరు, ఎల్‌డీఎల్, పొగ, ఇంకా గట్టిగా అదుపు చేసుకోవాలి. ఇంట్లో నాన్నకో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే తప్పక చూపించుకోండి. షుగరుకు హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించితే మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు దాని గుమ్మంలో ఉన్నట్టు.

"అరవై పరీక్షల ప్యాకేజీ" ప్రకటనలు మీరు చూస్తుంటారు. అరవై పరీక్షలు చేస్తే అందులో రెండో మూడో హద్దు దాటడం మామూలే, ఏ జబ్బూ లేకపోయినా. దానికి భయపడి నిద్ర పోగొట్టుకునేవారు కొందరు. అన్నీ బాగున్నాయని, మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుస్తున్నా పట్టించుకోనివారు ఇంకొందరు. రెండోవాళ్ళ గురించే నాకు దిగులు. కొలెస్టరాల్ నార్మల్ రిపోర్టు జేబులో పెట్టుకుని గుండెపోటుతో వచ్చినవాళ్ళను నేను చూశాను. ఒళ్ళు చెప్పే మాట కాగితం చెప్పే మాటకంటే ముందు వినాలి.

సంఘానికి ఒక విన్నపంతో ముగిస్తాను. స్వర్ణోత్సవం పేరున వైద్య శిబిరం పెడదామన్నారు. తప్పక పెట్టండి, నేను వస్తాను. అందులో ఖరీదైన గుండె పరీక్షలు వద్దు. బీపీ, షుగరు, ఎల్‌డీఎల్ చాలు. వాటితోపాటు ఈ ఊళ్ళో రాత్రి పూట కూడా ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల ఆసుపత్రి ఏదో కనుక్కుని, దాని నంబరు, 108 నంబరు ఒక కాగితం మీద అచ్చువేసి ఇంటింటికీ ఇవ్వండి. కింద రెండు ప్రశ్నలు రాయండి: నొప్పి ఎన్నింటికి మొదలైంది? రక్తం ఎన్నింటికి తీశారు?

మాస్టారు పోయే ముందు ఏడాది ఆయన్ను చూడ్డానికి వెళ్ళి, ఆ రాత్రి సంగతి ఎత్తి క్షమించమన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఇప్పుడెలా చేస్తున్నావు?" అని అడిగారు. "అనుమానం ఉన్నవాళ్ళను పంపించడం లేదండీ, మళ్ళీ చూస్తున్నాను" అన్నాను. "అయితే సరే" అన్నారు. అంతే. ఆయన వేసిన ఆ చివరి మార్కు నిలబెట్టుకోవడానికే ఇప్పటికీ రాత్రుళ్ళు ఫోను తలగడ పక్కన పెట్టుకుంటాను. మీలో ఎవరికైనా అనుమానం వస్తే చెయ్యండి.